అడుగుల రొట్టె

ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి గొడవ మేజోళ్ల గురించి.

"కాళ్లకి మేజోళ్లు తొడుక్కోవే తల్లీ! నేల ఐసుగడ్డలా ఉంది. అరికాళ్లలోంచి చలి ఎక్కిందంటే పాలు ఇంకిపోతాయి," అంది పెనా, పొయ్యి మీంచి టీ గిన్నె దించుతూ.

"ఇది మే నెల, అత్తయ్యా."

"మే నెల క్యాలెండర్లో ఉంది. చలి నేలలో ఉంది."

రలిత్సా నవ్వేసి మేజోళ్లు తొడుక్కుంది. ఇంకాసేపట్లో అవే కాళ్లతో సముద్రంలోకి దూకబోయే మనిషికి ఉన్ని మేజోళ్లెందుకని వాదించి లాభం లేదని ఆమెకి ఎప్పుడో తెలిసిపోయింది. ఒళ్లో పదకొండు నెలల యానా తీరిగ్గా పాలు తాగుతోంది. రలిత్సా ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చేత్తో పెరుగులో నానిన ఓట్స్ తింటోంది. పాలు పూర్తిగా తాగించకుండా నీళ్లలోకి దిగిందంటే ఈత సూటు రొమ్ముల మీద బిగుసుకుని ప్రాణం తోడేస్తుంది. యానాకి ఆ తొందరేమీ పట్టదు. మధ్యమధ్యలో తాగడం ఆపి, తల్లి మొహం ఎప్పుడూ చూడనట్టు చూస్తుంది. కిటికీలోంచి బుర్గాస్ రేవు క్రేన్లు కనిపిస్తున్నాయి. వాటిల్లో ఒకదాని మీద నుంచి ఆమె భర్త వెలిన్ ఈపాటికి షిఫ్టు ముగించుకుని దిగుతూ ఉంటాడు.

రలిత్సాది ట్రయథ్లాన్. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు లేని పోటీ. పిల్ల పుట్టకముందు దేశం తరఫున యూరప్ అంతా తిరిగింది. ఇప్పుడు ఈ ఆదివారం సొంత ఊళ్లోనే పెద్ద పోటీ. మొదటి పదిహేను మందిలో నిలబడితే జాతీయ జట్టులో ఆమె చోటు ఆమెకి ఉంటుంది. లేకపోతే వెనక నుంచి తరుముకొస్తున్న ఇరవై ఏళ్ల అమ్మాయికి వెళ్తుంది. క్రీడా సమాఖ్య వాళ్లు ఈ సంగతి చాలా మర్యాదగా చెప్పారు. కాఫీ ఇచ్చి, పిల్ల ఫోటో అడిగి చూసి, ముద్దొస్తోందని చెప్పి, ఆ తరవాత చెప్పారు.

ఇంత దూరం రాగలిగిందంటే అది అత్తగారి చలవే. ఆ మాట రలిత్సా రోజుకోసారైనా అనుకుంటుంది. స్త్రాంజా కొండల్లోని ఊరి నుంచి, కాన్పు తరవాత నలభై రోజులుండి పోదామని వచ్చింది పెనా. ఒక చిన్న పెట్టె, పెద్ద జాడీ తేనె తెచ్చుకుంది. కోళ్లని పక్కింటివాళ్లకి అప్పజెప్పి వచ్చింది. ఆ కోళ్లు ఇప్పుడు పక్కింటివాళ్ల కోళ్లే అయిపోయాయి.

పరుగు మళ్లీ మొదలుపెట్టిన కొత్తలో రలిత్సా ఒళ్లు ఆమె మాట వినేది కాదు. నాలుగడుగులు గట్టిగా వేస్తే నిక్కరు తడిసిపోయేది. కాన్పయిన ఆడవాళ్లకి ఇది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది, వ్యాయామాలు నేర్పింది. మామూలని తెలిసినంత మాత్రాన సిగ్గు పోతుందా? ఆ నిక్కర్లని రలిత్సా విడిచిన బట్టల బుట్టలో అట్టడుగున దాచేది. మర్నాటికల్లా అవి ఉతికి, ఆరేసి, మడతపెట్టి మంచం మీద ఉండేవి. లోకంలో ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉన్న పెనా, ఆ ఒక్క విషయంలో ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. రలిత్సా ఆ మడతల వంక చూసి ఎన్నోసార్లు కళ్లు తుడుచుకుంది.

అలాంటి అత్తగారి మీద ఇప్పుడు ఒక అనుమానం మొదలైంది.

రెండు వారాలు రీలా పర్వతాల్లో శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చింది రలిత్సా. వెళ్లేముందు యానా కుర్చీలూ గోడలూ పట్టుకుని ఇల్లంతా చుట్టబెట్టేది. తిరిగొచ్చేసరికి పిల్ల కాలు నేలకి ఆనడమే లేదు. ఎప్పుడు చూసినా పెనా చంకలోనో, ఒళ్లోనో, లేదా బండిలోనో ఉంటోంది.

"కాసేపు కింద వదలండి అత్తయ్యా, ఆడుకుంటుంది."

"ఆదివారం అయ్యాక వదులుతాలే."

"ఆదివారానికీ దీనికీ ఏం సంబంధం?"

పెనా పిల్లని ఎత్తుకుని అటు తిరిగి, "నేల చల్లగా ఉంది," అంది గోడతో చెప్పినట్టు.

పైగా కింది అంతస్తులో ఉండే గాన్కా ఒకత్తి. మెట్ల మీద ఎదురైతే చాలు, చేతిలోని సంచీ కింద పెట్టి మరీ మాట్లాడుతుంది. "ఇంకా నడవట్లేదా పాప? మా మనవడు పదో నెలకే పరుగులు తీశాడమ్మా. అయినా తల్లి ఇంటి పట్టున ఉంటే ఆ తీరే వేరు," అని సంచీ ఎత్తుకుని వెళ్లిపోయింది. రలిత్సా ఆ పూట సైకిలు మీద సముద్రం ఒడ్డు రోడ్డంతా తిరిగినా ఆ మాట వెనకే వచ్చింది.

మధ్యాహ్నం వెలిన్ నిద్ర లేవగానే పట్టుకుంది.

"మీ అమ్మ పిల్లని కింద వదలడం లేదు."

"అమ్మకి నేలంటే భయం. నన్ను బడికెళ్లేదాకా నేల మీద కూర్చోనివ్వలేదు," అన్నాడు వెలిన్ ఆవలిస్తూ.

"నవ్వులాట కాదు. నేను ఊళ్లో లేనప్పటి నుంచే ఇలా. పిల్ల నా కోసం ఆగదు, ఎదుగుతూ ఉంటుందని నేను సరిపెట్టుకుంటుంటే, ఈవిడ ఎదగనివ్వడం లేదు."

"అమ్మని అడగొచ్చుగా?"

"నువ్వడుగు. నీ తల్లి."

"మీ ఇద్దరి మధ్యా దూరడం కన్నా గాలివానలో క్రేనెక్కడం నయం," అని వెలిన్ స్నానానికి పోయాడు. మంచివాడే, కానీ ఇంట్లో గొంతులు లేస్తే అతనికి ఎప్పుడూ స్నానం గుర్తొస్తుంది.

శనివారం పోటీదారులందరికీ దారి చూపించి, నియమాలు చెప్పే సమావేశం పెట్టారు. అది అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది. కోచ్ క్రుమ్, ముక్కుసూటి ముసలాయన, ఆమెని పక్కకి పిలిచాడు.

"ఒళ్లు సిద్ధంగా ఉంది. మనసే ఎక్కడో ఉంది. నిన్న ఈతలో ప్రతి మలుపు దగ్గరా ఒడ్డు వైపు చూశావు. ఒడ్డున ఏముంది?"

"ఏం లేదు కోచ్."

"ఇంటికెళ్లు. కాళ్లు పైకి పెట్టుకుని పడుకో. నడక కూడా వద్దు. ఉన్నదంతా రేపటికి దాచుకో."

ఇంటి మెట్లెక్కుతుండగానే యానా ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. కోపం. రలిత్సా మిగిలిన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

వంటింట్లో పిల్లల బండి. అందులో యానా, పట్టీలు బిగించి ఉంది. మొహం టమాటాలా ఎర్రబడింది. రెండు కాళ్లతో బండిని తన్ని తన్ని ఏడుస్తోంది. ఎదురుగా పెనా పీట మీద కూర్చుని, గరిటెతో మూత వాయిస్తూ ఏదో పాట పాడుతోంది. కోడల్ని చూడగానే పాట ఆగిపోయింది.

"ఇదా మీరు నా బిడ్డని చూసుకుంటున్నది?" అంది రలిత్సా.

"అరే, అప్పుడే వచ్చేశావేంటే?"

"అదృష్టం కొద్దీ వచ్చాను. కట్టేస్తున్నారా అత్తయ్యా పిల్లని? కుక్కపిల్లని కట్టేసినట్టు?"

"కట్టేయడమేంటి, బండిలో కూర్చోబెట్టా..."

"నాకంతా అర్థమైంది." రలిత్సా గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆపుదామనుకున్నా ఆగలేదు. "నేను మళ్లీ పోటీలకి వెళ్లడం మీకు ఇష్టం లేదు. ఆ మాట నోటితో అనరు. సముద్రం చల్లన, నేల చల్లన, పాలు ఇంకిపోతాయి, ఇవే మాటలు. ఇప్పుడు పిల్ల నడవకపోతే తప్పు ఎవరిది? ఊళ్లు పట్టుకు తిరిగే తల్లిది. గాన్కా మెట్ల మీద నిలబెట్టి అంటోంది, మీరు ఇంట్లో కూర్చుని నిజం చేస్తున్నారు!"

గది తలుపు తీసుకుని వెలిన్ బయటికొచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. ఇద్దరూ అతని వైపు చూడను కూడా లేదు.

"రేపు నేను పోటీకి వెళ్లను," అంది రలిత్సా. "జట్టూ వద్దు, ఏమీ వద్దు. నా పిల్లని నేనే చూసుకుంటాను. మీరు మీ ఊరికి, మీ కోళ్ల దగ్గరికి వెళ్లిపోండి."

అనేసింది. యానా ఏడుపు ఆపి అందరినీ ఒక్కొక్కరిగా చూసింది.

పెనా లేచింది. పొయ్యి ఆర్పింది. గరిటె కడిగి దాని చోట పెట్టింది. చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నడిచిందే," అంది.

"ఏంటి?"

"పిల్ల నడిచింది. నువ్వు కొండల మీద ఉన్నప్పుడు."

రలిత్సా కుర్చీ అంచు పట్టుకుంది.

"బాల్కనీ తలుపు పట్టుకుని నిలబడి ఉంది," అంది పెనా. "నేను ఈ బల్ల దగ్గర చిక్కుడు గింజలు ఏరుతున్నా. తలెత్తి చూస్తే తలుపు వదిలేసింది. తాగినోడిలా ఊగుతూ, నవ్వుకుంటూ, సరాసరి వచ్చి నా మోకాళ్ల మీద పడింది. గింజలన్నీ నేలపాలు. ఇంకా ఆ అలమారా కింద ఉన్నాయేమో చూడు."

"మరి... ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనే? ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి నువ్వేమన్నావు? 'నేను వచ్చేదాకా దాన్ని నడవనివ్వకండి అత్తయ్యా' అన్నావు."

"నవ్వుతాలకన్నాను అత్తయ్యా!"

"నువ్వు నవ్వావు. నేను విన్నదాన్ని కదా, నాకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేశాక నువ్వు ఏడ్చి ఉంటావని నాకు తెలుసు."

రలిత్సా ఏడ్చిన మాట నిజమే. శిబిరం గదిలో, తోటి అమ్మాయికి వినపడకుండా కుళాయి తిప్పి ఏడ్చింది.

పెనా పీట మీద మళ్లీ కూర్చుంది. మాట్లాడుతున్నంతసేపూ కోడలి మొహం చూడకుండా యానా కాలి జోడు సర్దుతూనే ఉంది.

"మా ఊళ్లో పిల్ల నడిచిన రోజే అడుగుల రొట్టె చెయ్యాలి. గుండ్రటి రొట్టె, మీద తేనె. పిల్ల ఎవరి వైపు నడిస్తే వాళ్లు ఆ రొట్టె పట్టుకుని ఇంటింటికీ పరిగెత్తాలి. తీసుకున్నవాళ్లు నిలబడి తినకూడదు. నడుస్తూనో పరిగెడుతూనో తినాలి. అప్పుడే పిల్ల కాళ్లు చురుగ్గా ఉంటాయి." ఒక్క క్షణం ఆగింది. "వీడు, ఈ వెలిన్, నడిచిన రోజు నేను ఫ్యాక్టరీలో ఉన్నా. మిరపకాయలు డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీ. సీజను, సెలవివ్వరు. షిఫ్టు దిగి ఊళ్లోకొస్తుంటే ఒకావిడ ఎదురొచ్చింది. నోట్లో రొట్టె నములుతూ, మూతికి తేనె. 'నీ కొడుకు నడిచాడంట గదా, రొట్టె బాగుంది' అంది. మా అత్త ఊరంతా పరిగెత్తి పంచేసింది. నేను ఇల్లు చేరేసరికి పళ్లెంలో పొడి కూడా లేదు."

"అమ్మా," అన్నాడు వెలిన్.

"ఆవిడ తప్పేం లేదురా. నడిచిన రోజే చెయ్యాలి, చేసింది. కానీ ఆ మూతికంటిన తేనె నాకింకా కనబడుతూనే ఉంటుంది." పెనా తల వంచుకుని జోడు తాడు విప్పి మళ్లీ కట్టింది. "అందుకే నేను రొట్టె చెయ్యలేదు. పిల్లని తీసి చంకలో వేసుకున్నా. చూడలేదు, నేనేమీ చూడలేదు అనుకున్నా. మీ అమ్మ వచ్చేదాకా ఆగు తల్లీ అని దానికీ చెప్పా."

"నేను వచ్చి వారమైంది కదా అత్తయ్యా. వచ్చిన రోజే వదిలేస్తే పోయేదిగా?"

"వదిలేస్తే నీ దగ్గరికి నడుస్తుంది. నడిస్తే ఆ రోజే రొట్టె. రొట్టె పట్టుకుని నువ్వు పరిగెత్తాలి. ఈ పేటలో ఎన్ని మెట్లున్నాయో తెలుసా? పోటీ వారం రోజుల్లో పెట్టుకుని! కాళ్లు అరగదీసుకోవద్దని ఆ క్రుమ్ మొత్తుకుంటున్నాడు గదా. ఆదివారం కానీ, నీ పోటీ కానీ, అప్పుడు తీరిగ్గా నిన్ను ఇక్కడ కూర్చోబెట్టి, దాన్ని అక్కడ నిలబెట్టి... అనుకున్నా." పెనా వంటకి నడుముకి కట్టుకున్న గుడ్డతో ముక్కు తుడుచుకుంది. "ముసలి బుర్ర. పిల్ల ఏడుస్తుంటే నాకు మాత్రం బాగుందా?"

రలిత్సా పీట పక్కనే నేల మీద కూలబడింది. వారం రోజులుగా తను అత్తగారి మీద కోపం పోగేసుకుంటోంది. ఆ వారమంతా అత్తగారు తన కాళ్లని కాపాడుతోంది. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి ఉంటుందా? వంగి పెనా ఒళ్లో తల పెట్టుకుంది.

"కోళ్ల దగ్గరికి పొమ్మన్నాను మిమ్మల్ని."

"కోళ్లు నన్ను మర్చిపోయుంటాయి. ఎవత్తో అనుకుంటాయి," అంది పెనా. ఆ మాటకి ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు.

వెలిన్ పట్టీలు విప్పి యానాని నేల మీద నిలబెట్టాడు. అటు తల్లి, ఇటు నానమ్మ, ఇద్దరూ చేతులు చాచారు. యానా ఇద్దరినీ చూసింది. బాగా ఆలోచించి, ఎవరికీ అందకుండా మధ్యలోంచి తప్పటడుగులేసుకుంటూ పోయి, తిరుగుతున్న బట్టలుతికే మిషన్ గాజు తలుపుకి మొహం ఆనించి కేరింతలు కొట్టింది.

"మీ నాన్న పోలికే. మనుషుల కన్నా యంత్రాలే ఇష్టం," అంది పెనా. తరవాత గొంతు తగ్గించి కోడలి చెవిలో చెప్పింది. "చూడమ్మాయ్, ఆ మొదటి రోజు సంగతి మన ముగ్గురికే తెలుసు. రేపు పోటీ అయ్యాక నీ వైపు నడిచిందని చెబుదాం. రొట్టె రేపే చేస్తా. నువ్వే పంచు. నువ్వైతే ఎన్ని మెట్లెక్కినా నీకు లెక్క కాదు."

రలిత్సా తలూపింది. అప్పటికి ఆమెకి అదే బాగున్నట్టనిపించింది.

ఆదివారం సముద్రం మసక వెలుతురులో ఉక్కు రంగులో ఉంది. రలిత్సా ఆఖరి నిమిషం దాకా పాలిచ్చి, సూటు జిప్పు పైకి లాక్కుని, మిగతా అమ్మాయిలతో పాటు వరసలో నిలబడింది. ఇన్నాళ్లూ పోటీ చూడ్డానికి ఒక్కసారి కూడా రాని పెనా, ఆ రోజు బండి తోసుకుంటూ వచ్చి జనాన్ని ఆపడానికి కట్టిన తాడు పక్కన నిలబడింది. చన్నీళ్లలోకి ఆడపిల్లలు దూకడం చూడలేక కళ్లు మూసుకుంది.

నీళ్లలో మోచేతులు, మడమలు, ఉప్పు. ఎవరి పాదమో దవడకి తగిలింది. ఒడ్డు వైపు మాత్రం రలిత్సా ఈసారి చూడలేదు. నీళ్లలోంచి లేచేసరికి ముందు గుంపు సైకిళ్ల దగ్గరికి చేరిపోతోంది. ఈ పోటీలో ఒంటరిగా తొక్కేవాళ్ల బలమంతా గాలికే సరిపోతుంది. గుంపులో ఉంటే ఒకరి వెనక ఒకరు గాలి చాటున సాగిపోతారు. ఆ గుంపు చేజారిందంటే రోజు అయిపోయినట్టే. రలిత్సాకి ఇంకో ఇద్దరు దొరికారు, ఒక హంగరీ అమ్మాయి, ఒక గ్రీకు అమ్మాయి. ఒకరి భాష ఒకరికి రాదు. వంతులవారీగా ముందుకొచ్చి గాలిని తోసుకుంటూ, రొప్పుతూ, ఉప్పు మడుల పక్క రోడ్డు మీద ముందు గుంపుని అందుకున్నారు. అందుకున్నాక గ్రీకు అమ్మాయి రలిత్సా వైపు చూసి కన్ను కొట్టింది.

సైకిలు దిగి, ఒట్టి కాళ్లకే బూట్లు తొడుక్కుని పరుగు మొదలుపెడుతుంటే తాడు పక్క నుంచి ఒక కేక. "మేజోళ్లేవే పిచ్చిదానా!" పక్కనున్న విదేశీ అమ్మాయి బెదిరి చూసింది. రలిత్సాకి నవ్వొచ్చింది, ఆ నవ్వుకి ఊపిరి కాస్త దొరికింది.

పరుగులో సముద్రపు తోట చెట్ల కింద కాళ్లు కొయ్యలైపోయాయి. ముందున్నవాళ్లని లెక్కపెట్టింది. ఉండాల్సినదానికన్నా ఇద్దరు ఎక్కువున్నారు. కడుపు కింద పాత బరువు మొదలైంది, కానీ పట్టు తప్పలేదు. ఒళ్లు ఆమె మాట వింటోంది. ఎన్ని నెలలు పట్టింది ఈ ఒళ్లు తిరిగి రావడానికి! ఎవరి చేతుల మీదుగా తిరిగొచ్చింది? తను గోడకానుకుని వ్యాయామాలు చేస్తుంటే పిల్లని ఆడించిన చేతులు, బుట్ట అడుగు నుంచి బట్టలు తీసిన చేతులు. తను కొండల మీద ఉన్న రోజు పిల్ల తలుపు వదిలేసి నడిచింది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఎటు నడిచేది? నడిచి చేరుకోవడానికి అక్కడొక మనిషి ఉంది. తను లేనిచోట తన బిడ్డకి ఒక ఒడి ఉంది. నిన్న పోగొట్టుకున్నానని ఏడ్చిన ఆ రోజు, నిజానికి తనకి దక్కిన రోజు.

ఆ ఆలోచన వచ్చాక బరువేదో దిగిపోయింది. ఆఖరి చుట్టులో ఒకర్ని దాటింది. గీత కనబడుతుండగా ఇద్దర్ని దాటింది. పద్నాలుగో స్థానం. గీత దాటి బోర్లా పడితే, క్రుమ్ వచ్చి నీళ్ల సీసా ఆమె తల మీద గుమ్మరించాడు. "చోటు నీదే," అన్నాడు. అంతకన్నా పొగడటం ఆయనకి చేతకాదు.

సాయంత్రం మెట్ల దగ్గర ఇరుగుపొరుగంతా పోగయ్యారు. ఇల్లంతా కాల్చిన పిండి, తేనె వాసన. పెనా తెల్లటి గుడ్డలో రొట్టె పట్టుకొచ్చింది. పెద్దది, గుండ్రటిది, మీద వేళ్లతో నొక్కిన చిన్నారి పాదాల గుర్తులు. వెలిన్ చేతుల్లోంచి యానా దాన్ని లాగాలని చూస్తోంది.

"నడిచిందన్నమాట ఎట్టకేలకి!" అంది గాన్కా. "ఎవరి వైపు నడిచింది?"

"ఇంకెవరి వైపు? తల్లి వైపే," అంది పెనా గబగబా. "ఇవాళే. పోటీ నుంచి రాగానే."

"కాదు," అంది రలిత్సా.

పెనా ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. రలిత్సా ఆ చేతిని వదిలించుకోలేదు, తన చేతిలోకి తీసుకుంది.

"ఇవాళ కాదు. నేను శిబిరంలో ఉన్నప్పుడే నడిచింది. మా అత్తయ్య వైపు నడిచింది. నేను ఇంట్లో లేను గాన్కా గారూ. మా అత్తయ్య ఉంది. నేను బాధపడతానని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది. నేను మళ్లీ పరిగెత్తగలుగుతున్నానంటే ఈవిడ వల్లే."

గాన్కా చేతిలో సంచీ లేకపోయినా ఏదో కింద పెట్టబోయినట్టు వంగి, మళ్లీ లేచింది.

రలిత్సా రొట్టెని అత్తగారి రెండు చేతుల్లో పెట్టింది. "పరిగెత్తాల్సింది మీరు."

"నేనా? ఈ మోకాళ్లతోనా? నీకు మతి పోయిందా?"

"పద్ధతి మీరే చెప్పారుగా. ఎవరి వైపు నడిస్తే వాళ్లే."

పెనా రొట్టె వైపు చూసింది. ఇంటి చెప్పుల్లోనే మెట్ల వైపు తిరిగింది. మొదటి నాలుగు మెట్లూ పట్టుకుని పట్టుకుని దిగింది. అయిదో మెట్టు దగ్గర ఏమైందో ఏమో, వేగం పెంచింది. కింది తలుపు తోసుకుని వాకిట్లోకి పడి, తల గుడ్డ జారిపోతున్నా ఆగకుండా, బెంచీల మీద కూర్చున్నవాళ్లకి, బంతాడుకుంటున్న పిల్లలకి, బట్టలారేస్తున్న ఆడవాళ్లకి ముక్కలు తుంచి చేతుల్లో పెడుతూ పరిగెత్తింది.

"నిలబడి తినొద్దు! కదలండి, కదలండి! మా యానా నడిచింది! నా దగ్గరికి నడిచింది!"

వెలిన్ ఆ కేక విని ఏడ్చేశాడు. అతని మొదటి అడుగుల రోజున ఊరి వీధుల్లో అమ్మ అరవాల్సిన అరుపు అది.

రలిత్సా పిల్లని ఎత్తుకుని మెట్లు దిగింది. తొడలు రాళ్లలా ఉన్నాయి, అయినా అత్తగారి వెనకే పరుగందుకుంది. నోట్లో తేనె రొట్టె ముక్క, బుగ్గల మీద కన్నీళ్లు. వాకిలి చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఆ రోజు పొద్దున ముగ్గుర్ని దాటొచ్చిన మనిషి, సాయంత్రం మాత్రం ఒక్క అడుగైనా ముందుకు పోకుండా, అత్తగారి వెనకే పరిగెత్తింది.